మా పెళ్లి ఏ తారీఖున అయింది

రాహుకాలం దాటాకే లోపలికి వెళ్లాలట. ఇక్కడ నన్నడిగి పిలుస్తారు మరి. గుంటూరులో కూర్చున్న మా అత్తగారు జయంతి అమెరికా ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి కూడా ముహూర్తం పెట్టేసింది. వెయిటింగ్ హాల్లో బూడిదరంగు కుర్చీలు, గోడ మీద జెండా, టీవీలో మాటల్లేకుండా తిరుగుతున్న వాతావరణ సూచన, నా పక్కన నా మొగుడు నిశాంత్. ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌ని ఫోన్ చెవికి ఆనించుకుని రెండోసారి వింటున్నాను, మొదటిసారి సరిగ్గానే విన్నానని నమ్మకం కుదరక. "అమ్మా దమయంతీ, నళినిగారి పెరట్లో తీసిన ఫోటోలన్నీ ఫేస్‌బుక్‌లోంచి తీసేశానమ్మా. ఆవిడతో కూడా తీయించేశాను. అడిగితే కౌంటీ ఆఫీసులో రిజిస్టరు చేయించుకున్న తారీఖొక్కటే చెప్పు. పెరట్లోది అసలు పెళ్లే కాదనుకో. ఏదో వ్రతం చేసుకున్నారనుకో. ఇవాళ సోమవారం, తొమ్మిది దాటనిచ్చి వెళ్లండి." వినడం అయిపోయాక ఫోన్ బోర్లా పెట్టి ఒళ్లో ఉంచుకున్నాను.

వ్రతమట. జీలకర్రా బెల్లం నా నెత్తిన పెట్టించింది ఆవిడే, ఆ జిగురు రెండుసార్లు తలంటినా పోలేదు. మూడు ముళ్లలో మూడోది వదులుగా ఉందని కొడుకుని కసిరి మళ్లీ వేయించింది ఆవిడే. తలంబ్రాలు పోసుకుంటుంటే, ఎక్కువ పోసినవాళ్లదే ఇంట్లో పెత్తనమని నవ్వుతూ నా దోసిలి నింపింది ఆవిడే. ఇప్పుడు అదంతా వ్రతం. అలాంటప్పుడు ప్రసాదం ఎవరికి పెట్టారు, కథ ఎవరు చదివారు, నేనెవరి పక్కన కూర్చున్నాను. ఫేస్‌బుక్‌లోంచి తీసేస్తే పెరట్లోంచి కూడా పోతుందనుకుంటోంది కాబోలు. ఫోటోల్లో నేను కట్టుకున్నది ఎర్రంచు తెల్లచీర, హనుమకొండలో మా అమ్మ కొని పార్సిల్లో పంపింది, దాని ఫాల్ కుట్టించడానికి టెక్సాస్‌లో మేముండే ఈ ఫ్రిస్కో ఊరంతా తిరిగాను, డ్రైవింగ్ వచ్చిన కొత్త, ప్రతి సిగ్నల్ దగ్గరా అరచేతులు చెమట పట్టేవి, అయినా నేనే వెళ్లాను, నా పెళ్లి చీర అని. ఇంకొకడితో అయిన మొదటి పెళ్లికి ఏ చీర కట్టుకున్నానో ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. రెండోది దారప్పోగుతో సహా గుర్తుంది, అదే పెళ్లి కాదట.

నిశాంత్ మోకాలు ఆడిస్తున్నాడు. అతని ఉద్యోగం పోయి నెల దాటింది. కంపెనీ ఒక పొద్దున మీటింగ్ పెట్టి, కెమెరాలో కనబడకుండా ఎవరో చదివిన కాగితంతో టీమ్ మొత్తాన్ని తీసేసింది. వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజులు ఇస్తారు, ఆలోగా ఇంకోటి దొరకాలి, లేదా సామాను సర్దుకోవాలి. నేను గ్రీన్ కార్డ్ మనిషిని. గ్రీన్ కార్డ్ పెళ్లాం అప్లై చేస్తే మొగుడు లైన్లో నిలబడాలి, ఆ లైను ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. అదే పెళ్లాం సిటిజెన్ అయితే లైను లేదు, మర్నాడే కాగితాలు వేయొచ్చు, అతను ఇక్కడే ఉండొచ్చు. అంటే ఇవాళ ఆ తలుపు వెనక కూర్చున్న ఆఫీసర్ సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూలో నన్ను పాస్ చేస్తే నిశాంత్ నాతో ఉంటాడు. చేయకపోతే వెళ్తాడు. ఇంత చిన్న లెక్క మీద కూర్చున్నాం ఇద్దరం, మధ్యలో కుర్చీ చేతి మీద అతని మోచెయ్యి నా మోచేతికి తగులుతోంది, నాకు ఆ మోచెయ్యి కావాలి, అతను ఇంట్లో సాక్సులు ఎక్కడపడితే అక్కడ పడేసినా సరే కావాలి. ఆ సంగతి ముందు నాకు నేను చెప్పుకోవాలి, కోపంలో మర్చిపోకముందే.

"అమ్మ మెసేజ్ విన్నావా?" గొంతు తగ్గించి అడిగాడు.

"విన్న."

"అమ్మ చెప్పింది కరెక్టే దమ్మూ. లీగల్‌గా అది పెళ్లి కాదు. మ్యారేజ్ లైసెన్స్ లేదుగా."

"మరి ఏందది?"

"సెర్మనీ" అన్నాడు.

సెర్మనీ. మూడేళ్ల పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు, నేను మాంటిసోరీలో రోజంతా మూడేళ్ల పిల్లలతోనే ఉంటాను కాబట్టి ఆ గొంతు నాకు బాగా తెలుసు, బొమ్మ లాక్కునే ముందు వాడే గొంతు అది. ఈ మనిషి నాకు డ్రైవింగ్ నేర్పాడు. మొదటి మొగుడు రఘువీర్ మూడేళ్లలో ఒక్కసారి కూడా స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు, పాలు కావాలన్నా గుడికి వెళ్లాలన్నా అతనికి ఖాళీ అయ్యేదాకా కిటికీ దగ్గర కూర్చునేదాన్ని, ఫ్రిస్కోలో కారు రాని మనిషి ఇంట్లో సామాన్లతో సమానం. అక్కణ్ణుంచి బయటపడి చిన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే కింది వాటాలో నిశాంత్. ఖాళీ పార్కింగ్ లాట్‌లో శనివారం పొద్దున్నే తన పాత కార్లో కూర్చోబెట్టి నేర్పాడు. ట్రాష్ బిన్‌ని గుద్దాను, బంపర్ వంగింది. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. దిగి చూసి, మళ్లీ ఎక్కి, ఇంకోసారి రివర్స్ చేద్దాం అన్నాడు. ఆ ఇంకోసారి అన్న మాటకే నేను ఈ మనిషిని చేసుకుందామనుకున్నాను. అదే నోటితో ఇప్పుడు సెర్మనీ అంటున్నాడు. అమ్మ మాట్లాడితే ఇతని గొంతులోంచి అమ్మే వస్తుంది, ఇంత మంచివాడికి ఈ ఒక్క జబ్బు ఏమిటో.

ఆ పెళ్లి మేలో అయింది. మూఢాలు రాబోతున్నాయి, శుక్రుడు కనబడడు, కనబడనన్నాళ్లూ పెళ్లిళ్లు చేయరు. మూఢాలు దాటేసరికి, పెళ్లికని గుంటూరు నుంచి వచ్చిన అత్తగారి తిరుగు టికెట్ తారీఖు వచ్చేస్తుంది. నాకు విడాకుల హియరింగ్ ముహూర్తానికి నెల పైనే ముందు పడింది, అన్నీ కలిసొచ్చాయని పంతులుగారికి అడ్వాన్స్ ఇచ్చేశారు, మండపం అద్దెకి మాట్లాడారు, అప్పుడు కోర్టు వాళ్లు హియరింగ్ వాయిదా వేశారు, కొత్త తారీఖు ముహూర్తం దాటాక. నేను ఆగుదామన్నాను. ఆ మాట, ఇక్కడ మాలాంటివాళ్లకి పెద్దదిక్కయిన నళిని ఆంటీ వంటింట్లో నిలబడి అన్నాను, అత్తగారు అరిటాకులు తుడుస్తోంది, నిశాంత్ ఫ్రిజ్ తలుపు తెరిచి లోపల ఏదో వెతుకుతున్నాడు. "కోర్టు వాయిదా మళ్లీ వస్తుంది, ముహూర్తం మళ్లీ రాదమ్మా. నేను మళ్లీ రాగలనో లేదో, ఈసారి వీసా ఇస్తారో ఇవ్వరో. తాళి పడితే చాలు, కాగితాలదేముంది, తర్వాత మెల్లగా చేసుకోండి" అంది. నిశాంత్ ఫ్రిజ్‌లోంచి తల బయటికి తీయలేదు. చల్లగాలి నా కాళ్లకి తగులుతూనే ఉంది, అంతసేపు ఏం వెతికాడో ఈరోజుకీ చెప్పలేదు. గుడిలో లైసెన్స్ చూపించకుండా పెళ్లి చేయరు కాబట్టి నళిని ఆంటీ పెరడు. బ్లూటూత్ స్పీకర్‌లో సన్నాయి పెడితే పక్కింటాయన కంచె మీంచి చూసి ఎంతసేపు అని అడిగాడు, మాంగల్యధారణ అయ్యేదాకా అని నళిని ఆంటీ కొడుకు ఇంగ్లీషులో చెప్పలేక పది నిమిషాలు అన్నాడు. నేను నవ్వాపుకోలేకపోయాను. వెనక్కి తిరిగి చూస్తే నిశాంత్ కూడా నవ్వుతున్నాడు. ఇద్దరం నవ్వుతుండగానే తాళి పడింది. కావాలని, నచ్చి, నా అంతట నేను తల వంచిన మొదటిసారి అది. ఆగుదామన్నది నేనే, కానీ ఆ క్షణంలో ఆగి ఉంటే బాగుండేదని అనిపించలేదు. అందుకే ఇప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

ఆ నళిని ఆంటీయే, సరిగ్గా ఆవిడే, అంతకు ముందు రెండేళ్ల కిందట, నేను ఆగస్టు ఎండలో రెండు సూట్‌కేసులతో వాళ్ల గుమ్మంలో నిలబడితే, మంచినీళ్లిచ్చి, పక్కన కూర్చుని, నా వీపు మీద చెయ్యి వేసి ఏమంది. "ఇంకో రెండు మూడు నెలలు ఓర్చుకోమ్మా. సిటిజెన్‌ని చేసుకున్నావు, అతనితోనే మూడేళ్లు కాపురం చేస్తే మూడేళ్లకే నీకూ సిటిజెన్‌షిప్ వస్తుంది. ఇప్పుడు వచ్చేస్తే ఐదేళ్లు ఆగాలి. పాస్‌పోర్ట్ చేతికొచ్చాక నీ ఇష్టం. అయినా తాళి కట్టిన సంబంధం, కోర్టు కాగితంతో తెగుతుందా?" ఆవిడ లెక్క తప్పేం కాదు, చట్టం అలాగే ఉంది. మూడేళ్లు అదే మొగుడితో ఒకే కప్పు కింద ఉంటే తొందరగా, మధ్యలో విడిపోతే ఐదేళ్లు. ఇంకో సిటిజెన్‌ని చేసుకున్నా ఆ కొత్తవాడితో మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. పాత మొగుడితో గడిపిన రోజులు కొత్త మొగుడి ఖాతాలోకి రావు. చట్టం రాసినవాడు ఎవడో ఒకే కప్పు కింద అన్నాడు కానీ ఆ కప్పు కింద ఎంత వేడి ఉంటుందో అడగలేదు.

ఎందుకంటే రఘువీర్ ఏసీ ఫోన్‌లోంచి ఆపేసేవాడు. కొట్టలేదు, తిట్టలేదు, అడిగినవాళ్లందరికీ నేను చెప్పలేకపోయింది అదే, ఏం చేశాడమ్మా అంటే ఏసీ ఆపాడు అని చెప్తే నవ్వుతారు. పొద్దున కూరలో ఉప్పు తక్కువైనా, వాళ్ల అక్కకి ఫోన్ చేయడం మర్చిపోయినా, మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని ఫోన్ నొక్కేవాడు. టెక్సాస్ ఆగస్టులో. గోడ మీద ఆ గుండ్రటి డబ్బా నేను ఎంత తిప్పినా లాక్ అని చూపించేది. కిటికీలు తీస్తే బయట ఇంకా ఎక్కువ వేడి. బయటికి వెళ్తే మళ్లీ లోపలికి రాలేకుండా గరాజ్ తలుపు నంబర్ మార్చేశాడు. బాత్రూమ్ గచ్చు మీద తడి తువ్వాలు వేసుకుని పడుకునేదాన్ని, అతను సాయంత్రం వచ్చే ముందు మళ్లీ చల్లగా చేసేవాడు, లోపలికి వచ్చి, "ఇల్లు బానే ఉందిగా" అనేవాడు. ఒకటే మాట ఎప్పుడూ, "మూడేళ్లు నిండనీ, తర్వాత ఎగురుదువుగానీ." నా మెడలో తాళి కంటే ఆ మూడేళ్లే గట్టిగా ఉండేవి. నళిని ఆంటీ అన్న ఆ రెండు మూడు నెలలు నేను ఆ గచ్చు మీద పడుకుని ఉండాల్సింది, ఉంటే ఈపాటికి పాస్‌పోర్ట్ వచ్చి ఉండేది, నిశాంత్‌కి ఈ తిప్పలు ఉండేవి కావు, అసలు నిశాంతే ఉండేవాడు కాదు. ఎవరికైనా ఇది అర్థమవుతుందా, అతణ్ణి కాపాడగలిగే దారిలో అతను లేడు.

చూడండి ఎంత బాగుందో. రఘువీర్ దగ్గర్నుంచి బయటికి వస్తానంటే తాళే పెళ్లి, కాగితం ఉత్తదే. నిశాంత్‌తో పెళ్లికి ముహూర్తం మించిపోతుందంటే తాళే పెళ్లి, కాగితం తర్వాత. ఇప్పుడు ఆఫీసర్ ముందుకెళ్లే రోజు కాగితమే పెళ్లి, తాళి వ్రతం. నాకు ఒక్క విషయం చెప్పండి, మీలో మీరు కూర్చుని తేల్చుకుని చెప్పండి, నా మెడలో ఉన్నది ఏ రోజు లెక్కలోకి వస్తుంది, ఏ రోజు రాదు. నేనెప్పుడు పెళ్లయినదాన్నో నాకు తప్ప అందరికీ తెలుసు. జులైలో కౌంటీ ఆఫీసుకి వెళ్లే రోజు అత్తగారు గుంటూరు నుంచి వీడియో కాల్ చేసి, తాళి కుర్తా లోపలికి తోసుకో, ముందే పెళ్లయిందని అనుకుంటారు అంది. తోసుకున్నాను. అప్పటికి విడాకులొచ్చి, టెక్సాస్ పెట్టే నెల రోజుల ఆగుడు కూడా అయిపోయింది. జీన్స్ ప్యాంట్లలో వెళ్లాం, ఉంగరాలున్నాయా అని అడిగితే లేవన్నాం, నిశాంత్ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది, ఆఫీసు మీటింగ్ మ్యూట్‌లో నడుస్తోంది. సంతకం పెట్టి పార్కింగ్‌లోకి వచ్చి, మీటింగ్‌లో తన వంతు వచ్చిందని కారెక్కకుండానే నిలబడి మాట్లాడాడు. అదట నా పెళ్లి.

మా లాయర్ అదితి ఇక్కడే పుట్టిన అమ్మాయి, తెలుగు మాట్లాడుతుంది, ముద్దుగా, విభక్తులు మింగేస్తూ. కాగితాలు వేసే ముందు స్పీకర్ ఫోన్‌లో అడిగింది, "మీకు ఎప్పుడైనా, same time, ఇద్దరు హస్బెండ్స్ ఉన్నారా? సారీ, అందరికీ అడగాలి." నేను నోరు తెరిచేలోగా నిశాంత్ నవ్వేసి, "లేదు లేదు, కౌంటీ డేట్ రాసుకోండి" అన్నాడు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. నేను కూరగాయలు తరుగుతున్నాను, బెండకాయలు, చేతికి జిగురు. ఇంకో సంగతి కూడా చెప్పింది అదితి, రెండో పెళ్లి చేసుకుని ఆ మొగుడి కోసం అప్లై చేయబోతున్నారు కాబట్టి మొదటి పెళ్లి నిజమా, కార్డు కోసం చేసుకున్నదా అని తవ్వుతారు, ప్రిపేర్ అవ్వండి. తవ్వనీ. మొదటి పెళ్లి నిజమేనని రుజువు కావాలంటే నా వీపు మీద చెమటకాయల మచ్చలు ఉన్నాయి, వాటికి తారీఖులు లేవు కానీ. ఎంత విచిత్రం, నరకం లాంటి పెళ్లి నిజమని నేను చెప్పాలి, నచ్చి చేసుకున్న పెళ్లి అబద్ధమని చెప్పాలి, ఈ రెండూ సరిగ్గా చెప్తే సిటిజెన్‌షిప్ ఇవ్వడానికి ఈ దేశం నన్ను మంచి నడవడిక కలిగిన మనిషి అంటుంది.

ఇలాంటి హాల్లోనే ఇంతకు ముందొకసారి కూర్చున్నాను, రఘువీర్ పక్కన. రెండేళ్ల షరతు కార్డ్ తీసి అసలు కార్డ్ ఇచ్చే ముందు పిలిచారు. దారంతా కారులో నేర్పించాడు, ఏం అడిగితే ఏం చెప్పాలో, ఎక్కడ నవ్వాలో. ఆఫీసర్ పెద్దాయన, మా ఇద్దరి వంకా చూసి, సంతోషంగా ఉన్నారా అన్నాడు. ముందు రోజు మధ్యాహ్నం నేను గచ్చు మీద ఉన్నాను. ఆ గదిలో ఏసీ ఎంత చల్లగా ఉందంటే నాకు వెంటనే కళ్లనీళ్లొచ్చాయి, ఆయన దాన్ని ఆనందమనుకున్నాడు. రఘువీర్ నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. అవునన్నాను. బయటికి వచ్చాక, "గుడ్, బాగా చెప్పావ్" అని ఐస్‌క్రీమ్ కొనిచ్చాడు, అది తిన్నాను కూడా. ఎవరో నేర్పిన మాట ఎవరి ముందో అప్పజెప్పడానికి నేను మళ్లీ అదే రంగు కుర్చీలో కూర్చున్నానని, ఇప్పుడు, ఈ నిమిషంలో తెలిసి, ఒళ్లంతా మండిపోయింది. ఒకడు చెయ్యి నొక్కి నేర్పాడు, ఇంకొకడు మెత్తగా నేర్పుతున్నాడు, నేర్పడం మాత్రం మానలేదు ఎవరూ.

"చెప్తావుగా దమ్మూ?" అన్నాడు నిశాంత్. "జులై. అంతే. ఇంకేం అడగరు."

"నీకేమనిపిస్తది? మేలో మనకు పెళ్లి కాలేదా?"

"ఇప్పుడు నాకేం అనిపిస్తే ఏంటి, నా టైమ్ అయిపోతోంది."

భయపడుతున్నాడు. గడ్డం సరిగ్గా గీసుకోలేదు, చెవి కింద ఒక పాయ వదిలేశాడు. జాలేసింది, ఆ పాయ చూసి. జులై అని చెప్పడం ఎంత సులువు, ఒక్క మాట, నెల పేరు, నాలిక కదిపితే చాలు, మా ఇల్లు, సాక్సులు, శనివారాలు అన్నీ మిగులుతాయి. చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు. ఇద్దరికి ఒకేసారి భార్యగా ఉన్నదాన్ని మంచి నడవడిక ఉన్న మనిషి అంటారో అనరో. అప్పుడే తలుపు తెరుచుకుని, ఒకావిడ నా పేరుని రఘువీర్ ఇంటిపేరుతో కలిపి పిలిచింది. కార్డు మీద ఇంకా అదే ఉంది. గోడ గడియారం తొమ్మిదికి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది, నిశాంత్ దాని వంక ఒకసారి చూశాడు, నేను చూశానని తెలిసి తల దించుకున్నాడు.

కుడిచెయ్యి ఎత్తి నిజమే చెప్తానని ప్రమాణం చేయించారు. నన్ను పిలిచినావిడే ఆఫీసర్, యాభై ఏళ్లుంటాయి ఆవిడకి, కళ్లజోడుకి గొలుసు, బల్ల మీద సగం తిన్న అరటిపండు. ప్రశ్నలన్నీ చెప్పాను, జెండాలో ఎన్ని చారలో, సెనేటర్లు ఎంతమందో, చట్టం ముందు అందరూ సమానమని ఒక వాక్యం రాయమంటే రాశాను. మొదటి పెళ్లి గురించి అడిగింది. ఏసీ సంగతి చెప్పాను, ఇంగ్లీషులో చెప్తుంటే ఇంకా చిన్నగా వినబడింది, అయినా ఆవిడ నవ్వలేదు, ఎన్ని గంటలసేపు అని అడిగింది, ఎవరూ అడగని ప్రశ్న. తర్వాత కాగితం తిప్పి, ఇప్పటి భర్తతో మీ పెళ్లి ఏ తారీఖున జరిగింది అంది. జులై నాలిక చివరకి వచ్చింది. అంత దగ్గరికి వచ్చింది కాబట్టే కాబోలు, దాన్ని నేర్పినవాళ్ల గొంతులు కూడా దానితో వచ్చాయి.

"రెండు తారీఖులున్నాయి" అన్నాను. "కౌంటీలో జులై. మా పద్ధతిలో దానికి ముందు, మేలో. అప్పటికి నా విడాకులు రాలేదు."

ఆవిడ కళ్లజోడు తీసింది. "రాలేదని మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు ఆగలేదు?"

ఏం చెప్పను. మా అత్తగారి టికెట్ గురించి చెప్పనా, తెరిచి ఉన్న ఫ్రిజ్ తలుపు గురించి చెప్పనా. శుక్రుడు కనబడకుండా పోతే మాలో పెళ్లిళ్లు చేయరండీ అని చెప్పాను. వీనస్ అన్నాను. "గ్రహమా?" అంది. గ్రహమే అన్నాను. ఆవిడ చాలాసేపు టైప్ చేసింది, ఆ గ్రహాన్ని ఏ గళ్లో పెట్టిందో. కాగితాల్లో ఈ సంగతి ఎందుకు రాయలేదంది, లాయర్ నన్ను అడిగితే మా ఆయన చెప్పాడన్నాను. ఆ మాటకి తలెత్తి చూసింది. ఎప్పటి నుంచి భార్యాభర్తలుగా కలిసి ఉంటున్నారంది. మే నుంచి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. పరీక్ష పాసయ్యారు, కానీ ఇవాళ నేనేమీ తేల్చలేను, పైవాళ్లు చూడాలి, విడాకుల కాగితాలు మళ్లీ అడుగుతారు, లాయర్‌తో మాట్లాడండి అంది. ఎన్నాళ్లంటే భుజాలెగరేసింది. నా కాగితాలు సర్దుకుని లేచాను.

బయట అతను నిలబడే ఉన్నాడు. కారు తాళం నా దగ్గరే ఉంది, నేను డ్రైవర్ వైపు ఎక్కాను, అతను పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. అప్పుడు చెప్పాను, రెండూ చెప్పానని, ఇవాళ తేలలేదని. ఎండలో నిలిపిన కారు, లోపల సెగ. స్టార్ట్ చేసి ఏసీ పెట్టాను. "ఇప్పుడు నేను వెళ్లిపోవాల్సొస్తే?" అన్నాడు, పిల్లాడిలా, నా వంక తిరగకుండా. "అది పెళ్లి కాదని ఒక్క మాట అంటే సరిపోయేదిగా దమ్మూ. అమ్మకేం చెప్పాలి ఇప్పుడు?"

రివర్స్ గేర్ వేసి, వెనక్కి తిరిగి చూసి, కారు బయటికి తీసేదాకా ఆగాను.

"పోవాల్సొస్తే ఇద్దరం పోదాం" అన్నాను. "కాని ఆ రోజు జరిగింది పెళ్లి కాదని ఇంకొక్కసారి అంటే మాత్రం, నిశాంత్, నువ్వొక్కడివే పో."